తుప్పల్లో జింక వేట, లీవర్ యాక్షన్ రైఫిల్: థర్టీ థర్టీ తూటా కొమ్మల్ని చీల్చుకుని పోతుందన్న మాట నిజమేనా?

పోకొనో_ప్రసాద్
ఈ ఏడాది పెన్సిల్వేనియా రైఫిల్ సీజన్ కోసం మార్లిన్ 336 లీవర్ యాక్షన్ రైఫిల్ కొన్నాను (కింద ఉన్న మీట ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది), థర్టీ థర్టీ (.30-30) తూటాది. నేను వెళ్ళే స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో (వేటకి ఉంచిన ప్రభుత్వ అడవులు) ఎటు చూసినా మౌంటెన్ లారెల్, రోడోడెండ్రాన్ తుప్పలే. ఆకు రాలని పొదలు కాబట్టి డిసెంబరులో కూడా నలభై గజాలు దాటి ఏమీ కనపడదు. మా క్యాంపులో ఒక పెద్దాయన ఉన్నాడు, అమెరికనే. "ఇది బ్రష్ గన్ (తుప్పల తుపాకి), మధ్యలో రెమ్మలున్నా కంగారు పడకు, బరువైన తూటా చీల్చుకుని పోతుంది" అంటాడు. నేను పుట్టకముందు నుంచీ ఆ కొండల్లో వేటాడుతున్న మనిషి, ఆయన మాట తీసిపారెయ్యలేను. కానీ నాకు మనసొప్పడం లేదు. జింక పొద వెనక సగం కనపడీ కనపడకుండా నిలబడితే కాల్చాలా వద్దా? ఇంకోటి, దీని మీద స్కోప్ పెట్టుకోవాలా, మామూలు ఇనప సైట్లు చాలా? వాడినవాళ్ళు చెప్పండి.

డెలావేర్_దొర
కాల్చొద్దు. రెండో ప్రశ్నకి పెద్ద గొడవ జరుగుతుంది చూడండి.

టియోగా_తాత
ప్రసాద్ గారూ, మీ మనసు చెప్పిందే రైటు. నేను ఊరికే అనడం లేదు. మేం కొందరం కలిసి ఒక మిత్రుడి పొలంలో పరీక్ష పెట్టాం. పెన్సిలంత లావున్న హేజెల్ రెమ్మలు కోసి, చెక్క ఫ్రేముకి దగ్గర దగ్గరగా బిగించి, వెనక అట్ట నిలబెట్టి కాల్చాం. మొదట అట్ట రెమ్మలకి రెండడుగుల వెనక ఉంది. 170 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటాలు దాదాపు గురిపెట్టిన చోటే పడ్డాయి. అట్టని ఇరవై గజాలు వెనక్కి జరిపాక కథ మారిపోయింది. కొన్ని అట్టని తాకనే లేదు. తాకిన వాటిలో ఒకటైతే గుండ్రటి చిల్లు చెయ్యలేదు. తూటా గాల్లోనే పక్కకి తిరిగి అడ్డంగా దూరింది. అట్టలో పొడుగాటి చీలిక, దాని అంచు చుట్టూ బూడిద రంగు సీసం మరక. ఇక్కడివాళ్ళు దాన్ని కీహోల్ అంటారు. అలా అడ్డం తిరిగిన తూటా జింక భుజానికి తగిలితే ఊపిరితిత్తుల దాకా పోతుందని ఎవరు హామీ ఇస్తారు?

గుంటూరు_గైడ్‌గన్
తాత గారూ, థర్టీ థర్టీ చిన్న తూటా కాబట్టి అలా అయింది. నాది మార్లిన్ 1895, ఫార్టీఫైవ్ సెవెంటీ. 405 గ్రెయిన్ తూటా వేస్తే రెమ్మ ఒక లెక్కా? లారెల్ పొదలోంచే కొట్టాను, జింక నిలబడ్డ చోటే కూలిపోయింది. క్యాంపు పెద్దాయన మాటలో అబద్ధం లేదు.

టియోగా_తాత
జింక ఆ పొదకి ఎంత వెనక ఉంది?

గుంటూరు_గైడ్‌గన్
ఆనుకునే ఉంది. మహా అయితే ఒక గజం.

టియోగా_తాత
అదండీ సంగతి. రెమ్మకీ జింకకీ మధ్య ఎంత దూరం అన్నదే అసలు లెక్క. పొదని ఆనుకున్న జింక అయితే తూటా దారి తప్పినా ఒకటి రెండు అంగుళాలు. అదే రెమ్మ మీ ముందు పది గజాల్లో ఉండి, జింక యాభై గజాల్లో ఉందనుకోండి, మిగిలిన నలభై గజాల్లో ఆ తేడా ఎంత పెరుగుతుందో చూసుకోండి.

మెకానికల్_మూర్తి
కారణం కూడా చెప్తాను. రైఫిలింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాళ్ళు) వల్ల తూటా గిర్రున తిరుగుతూ పోతుంది, ఆ తిరుగుడే దాని మొనని ముందుకే ఉంచుతుంది. రెమ్మ అంచుకి రాసుకుంటే తిరుగుతున్న బొంగరాన్ని వేలితో తాకినట్టే, తల ఊగడం మొదలవుతుంది. పైగా జింకకి వాడేవి మెత్తటి సీసం మొన ఉన్న తూటాలు. చెక్కకి తగలగానే మొన ఒక పక్కకి నలుగుతుంది. బరువైన, పొడుగాటి తూటా కొంచెం తక్కువ ఊగుతుంది, సన్నగా వేగంగా పోయేది కొన్నిసార్లు ముక్కలే అయిపోతుంది. అందుకే ఫార్టీఫైవ్ సెవెంటీ మేలనిపిస్తుంది. మేలే, కానీ దాని మీద ఒక ప్రాణిని పందెం కాసేంత మేలు కాదు.

గుంటూరు_గైడ్‌గన్
పొద నడుమ బొటనవేలంత కొమ్మ ఉంటే నేనూ కాల్చను. ఎండిన ఫెర్నులు, గడ్డి పరకలు అడ్డం వచ్చినా వదిలెయ్యమంటే మాత్రం ఆ అడవుల్లో జన్మలో జింక దొరకదు. అంతే నా వాదన.

మెకానికల్_మూర్తి
జింకని ఆనుకుని నాలుగు గడ్డి పరకలుంటే సరే, ఒప్పుకుంటాను. కట్టె అంటూ ఏదైనా అడ్డం వస్తే లేదు.

కొలంబస్_కిట్టు
మా ఒహాయోలో ఈ చర్చే రాదు, థర్టీ థర్టీతో జింక వేట ఇక్కడ చెల్లదు. దాని కేసు (మందు పట్టే ఇత్తడి గొట్టం) మెడ సన్నగా ఉంటుంది కాబట్టి. 2014 నుంచి నిటారు గోడల కేసులున్న రైఫిళ్ళు ఒప్పుకున్నారు. ఫార్టీఫైవ్ సెవెంటీ, .44 మాగ్నమ్, .357 మాగ్నమ్, .350 లెజెండ్ లాంటివి. పెన్సిల్వేనియాలో కొన్న థర్టీ థర్టీ పట్టుకుని సరిహద్దు దాటి వచ్చేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. 2023లో రెమింగ్టన్ .360 బక్‌హామర్ తెచ్చింది, థర్టీ థర్టీ కేసునే నిటారు చేసి లీవర్ రైఫిళ్ళ కోసం తయారు చేసిన తూటా. నేను ఇప్పుడు అదే వాడుతున్నాను, దెబ్బ దాదాపు పాత .35 రెమింగ్టన్ తీరులో ఉంటుంది.

నల్గొండ_నవీన్
ఒక డౌట్. తూటా కొమ్మల్ని చీల్చలేకపోతే మరి దీన్ని బ్రష్ గన్ అని ఎందుకంటున్నట్టు? ఈ రోజుల్లో ఇంత పాత డిజైన్ ఎందుకు కొనాలి? 350 గజాలు కొట్టే బోల్ట్ యాక్షన్లు (పక్కనున్న బోల్టు పిడి లాగి తూటా ఎక్కించే రైఫిళ్ళు) ఇదే ధరకి వస్తున్నాయి కదా.

టియోగా_తాత
నవీన్ తమ్ముడూ, తూటా గురించి కాదు ఆ పేరు, తుపాకి గురించి. బ్యారెల్ ఇరవై అంగుళాలు, బరువు ఏడు పౌన్ల చిల్లర, పక్కలు పలచగా ఉంటాయి. నడుమ దగ్గర పట్టుకుంటే పిడికిట్లో ఇమిడిపోతుంది, బోల్టు పిడిలాంటివి బయటికి పొడుచుకు రావు, కొమ్మలకి చిక్కుకోదు. ఒక చేత్తో పొద తప్పించుకుంటూ ఇంకో చేత్తో మోసుకుపోవచ్చు. తుప్పల్లో జింక లేచిందంటే మీకు దొరికేది రెండు మూడు సెకన్లు. తుపాకి వెనకున్న సుత్తి (హ్యామర్) వెనక్కి లాగుతూనే భుజానికి వచ్చేస్తుంది. రెండో దెబ్బకి చెంప ఎత్తకుండానే లీవర్ ఆడించొచ్చు.

వించెస్టర్ 94 జాన్ బ్రౌనింగ్ గీసిన డిజైన్, 1894ది. మరుసటి ఏడాదే పొగరాని మందుతో థర్టీ థర్టీ వచ్చింది. 70 లక్షలకు పైగా తయారయ్యాయి. మార్లిన్ 336 వచ్చింది 1948లో. నూరేళ్ళు దాటినా జనం ఇంకా కొంటున్నారంటే పాతకాలం మోజు ఒక్కటే కాదు, ఆ పనికి అది సరిపోతుంది.

డెలావేర్_దొర
ఇంకో కారణం ఉంది. పెన్సిల్వేనియాలో జింక మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదు. చకచకా రెండో దెబ్బ కావాలంటే మిగిలింది లీవరు లేదా పంపు. రెమింగ్టన్ 760 పంపు రైఫిల్ ఇక్కడ ఇంటింటా కనపడేది అందుకే.

సిరాక్యూస్_సుబ్బు
ఇంతకీ ప్రసాద్ గారి రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నా ఓటు పీప్ సైట్‌కి. వెనక పెద్ద రింగు, ముందు తెల్లటి లేదా బంగారు పూస. రింగులోంచి చూస్తే కన్ను తనంతట తనే పూసని మధ్యలో పెట్టేస్తుంది. మంచు పడుతున్నప్పుడు అద్దం తుడుచుకునే బాధ లేదు. యాభై గజాల అడవిలో స్కోప్ ఎందుకు?

పోకొనో_ప్రసాద్
నాకు నలభై ఐదు దాటాయి. ముందు సైటు మసకగా కనపడుతోంది. అందుకే స్కోప్ వైపు మనసు పోతోంది.

కొలంబస్_కిట్టు
అయితే ఒకటి నుంచి నాలుగు రెట్ల చిన్న స్కోప్ పెట్టండి, ఒకటి మీదే ఉంచుకుని నడవండి. మార్లిన్‌కి పై కప్పు మూసి ఉంటుంది, ఖాళీ కేసులు పక్కనుంచి పడతాయి, స్కోప్ సులువు. పాత వించెస్టర్ 94కి కేసులు పైనుంచి ఎగిరేవి, స్కోప్ సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడం కుదిరేది కాదు. 1980ల్లో కేసు పక్కకి పడేలా మార్చాకే దానికీ వీలైంది.

మెకానికల్_మూర్తి
స్కోప్ పెట్టేవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి, తుప్పల్లో ఇది చాలా ముఖ్యం. అద్దం జింక మీద ఫోకస్ అయినప్పుడు, మీ ముందు అయిదారు గజాల్లో ఉన్న సన్నటి రెమ్మ పూర్తిగా మసకబారి మాయమైపోతుంది. మీకు దారి ఖాళీగానే కనిపిస్తుంది. తూటా పోయి ఆ కనపడని రెమ్మకే తగులుతుంది. రెండోది, స్కోప్ బ్యారెల్‌కి పైన అంగుళంన్నర, రెండంగుళాల ఎత్తులో ఉంటుంది. పడిపోయిన దుంగ మీద ఆనించి కాలిస్తే అద్దంలో అంతా శుభ్రంగా ఉంటుంది, బ్యారెల్ మాత్రం దుంగకి ఎదురుగా ఉంటుంది. కాల్చే ముందు ఒక్క క్షణం అద్దం మీంచి మామూలు కళ్ళతో దారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

సిరాక్యూస్_సుబ్బు
ఈ పాయింటు మీరే చెప్పారు కదా, మరి పీప్ సైటే మేలు కదండీ మూర్తి గారూ :)

డెలావేర్_దొర
సుబ్బు బావా, నువ్వు పెళ్ళిచూపులకి కూడా పీప్ సైటుతోనే వెళ్ళుంటావు.

టియోగా_తాత
కొమ్ములు లెక్కపెట్టాల్సిన సంగతి మర్చిపోకండి. పెన్సిల్వేనియాలో 2002 నుంచి నిబంధన ఉంది, ఎక్కువ ప్రాంతాల్లో మగ జింక కొమ్ముకి ఒక వైపు కనీసం మూడు మొనలు ఉండాలి. తుప్పల్లో రెమ్మా కొమ్మూ ఒకేలా కనపడతాయి. మెడలో చిన్న బైనాక్యులర్ వేసుకోండి. రైఫిల్ స్కోప్‌తో అటూ ఇటూ వెతకడం మాత్రం వద్దు, ఆ కదిలేది మనిషైతే గుండు నిండిన తుపాకి మనిషి మీద పెట్టినట్టు.

హైదరాబాదీ_హెచ్‌వన్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను హెచ్‌వన్ మీద ఉన్నాను, హారిస్‌బర్గ్ దగ్గర. తుపాకి ముట్టుకుంటేనే కేసు అంటాడు మా రూమ్మేట్. నిజమా? టెన్షన్‌గా ఉంది, ఆఫీసులో ఒకాయన వేటకి రమ్మంటున్నాడు.

కొలంబస్_కిట్టు
మీ రూమ్మేట్ చెప్పింది ముప్పాతిక నిజం. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌వన్, ఎఫ్‌వన్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపుల్లో ఒకటి వేట లైసెన్సు. ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. షాపులో నింపే 4473 ఫారంలో కూడా ఇదే అడుగుతారు. లైసెన్సు గడువు తీరిన మర్నాడు మీ అల్మరాలో తుపాకి ఉన్నా నేరమే, అది మర్చిపోవద్దు. రాష్ట్ర చట్టం వేరేగా ఉండొచ్చు. మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ముందుకు వెళ్ళండి, గ్రీన్ కార్డు ఫైలు మీద మచ్చ పడితే ఏ జింకా విలువ చెయ్యదు.

నల్గొండ_నవీన్
ఇంకా ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి బ్రో. అది లేకుండా మొదటిసారి లైసెన్సు ఇవ్వరు. తుపాకి కొనే ఆలోచన లేకపోయినా ఆ కోర్సు చెయ్యి, బాగుంటుంది.

అహింస_అనసూయ
అందరూ తూటాల గురించే మాట్లాడుతున్నారు. జింక కళ్ళు చూశాక కూడా కాల్చాలనిపిస్తుందా మీకు? మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకని ముట్టుకుంటే జైలు. అక్కడికి వెళ్ళాక సరదా అయిపోయిందా?

టియోగా_తాత
అనసూయ గారూ, అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర ఆ చట్టం ఉండాల్సిందే, దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. మన అడవుల్లో ఆ జింకల మీద పులి, చిరుత, రేచుకుక్క బతకాలి. ఇక్కడ పరిస్థితి వేరు. పెన్సిల్వేనియాలో తోడేళ్ళని, కూగర్లని (పెద్ద అడవి పిల్లులు) ఎప్పుడో లేకుండా చేసేశారు. జింకలు పెరిగిపోయి అడవిలో మొలకల్ని మొలకలుగానే తినేస్తున్నాయి. కంచె వేసిన చోటు, వెయ్యని చోటు పక్కపక్కన చూస్తే మీకే తెలుస్తుంది. కంచె లోపల నడుమెత్తు ఓక్, మేపుల్ మొక్కలు, బయట ఉత్త ఫెర్నులు. కార్లకి జింకలు గుద్దుకునే రాష్ట్రాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. అందుకని లెక్క ప్రకారం వేటకి అనుమతిస్తారు, లైసెన్సు డబ్బు ఆ అడవులకే పోతుంది. నేను తినేది నేనే వేటాడతాను, వేటాడింది వృథా చెయ్యను. మీరు ఒప్పుకోకపోయినా మీ ప్రశ్నని గౌరవిస్తాను.

అహింస_అనసూయ
కంచె సంగతి నాకు తెలియదు. వేట నాకు నచ్చదు, నచ్చుతుందని చెప్పను కూడా. కానీ గాయపడి పారిపోయిన జింక మాటేమిటి? పొదల్లో పోయి ఎక్కడో చచ్చేది? దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

గుంటూరు_గైడ్‌గన్
మాట్లాడాల్సిందే. రెమ్మల్లోంచి కాల్చొద్దని తాత గారు పట్టుబట్టేది అందుకే, ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను.

సిరాక్యూస్_సుబ్బు
నెత్తుటి జాడ గురించి నేను చెప్తాను. కాల్చగానే పరిగెత్తకండి. జింక ఎక్కడ నిలబడిందో, ఆఖరిసారి ఏ చెట్టు పక్క కనపడిందో గుర్తుపెట్టుకుని ఉన్నచోటే అరగంట ఆగండి. తర్వాత అది నిలబడ్డ చోట నారింజ రంగు రిబ్బను కట్టి మొదలుపెట్టండి. గులాబీ రంగులో నురగ నురగగా ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపు అయితే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, వాసనగా ఉంటే పొట్ట. అప్పుడు తొందరపడి వెంటపడితే లేచి మైళ్ళు పోతుంది. ఆరు, ఎనిమిది గంటలైనా వదిలెయ్యాలి. లారెల్ తుప్పల్లో నేల మీద కంటే ఆకుల అడుగు భాగాన, మోకాలెత్తులో, నెత్తురు రాసుకుని ఉంటుంది. వంగి ఆకులు తిప్పి చూడండి. చీకటి పడితే నెత్తురు కనపడిన ఆఖరి చోట రిబ్బను కట్టి, సాయం పిలవండి.

టియోగా_తాత
తగల్లేదనుకున్నా సరే, వెళ్ళి చూసి తీరాలి. రెమ్మకి తగిలి పక్కకి పోయిన తూటా ఎక్కడ గుచ్చుకుందో వెళ్ళి చూడకుండా మీకు తెలియదు.

వరంగల్_వంటిల్లు
నేను వేటకి పోను, మా ఆయన పోతాడు. వండేది నేను. జింక మాంసంలో కొవ్వు తక్కువ, తొడ కండని మేకలా గంటలు ఉడికిస్తే చెప్పుతోలు తిన్నట్టే. వెనక తొడ ముక్కలకి అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి ఒక రాత్రి ఉంచి వేపుడు చేస్తాను. మెడ, భుజం ముక్కలు గోంగూరతో కుక్కర్లో. తెల్లటి కొవ్వు, పొరలు మొత్తం తీసెయ్యాలి, నీచు వాసనంతా అందులోనే. తూటా పడిన చోటు చుట్టూ పెద్ద ముక్క కోసి పారెయ్యమంటాను. సీసం చిన్న చిన్న తునకలుగా కండలోకి పోతుందట, పిల్లలు తింటారు కదా.

నల్గొండ_నవీన్
అక్కా, గోంగూర జింక రెసిపీ వేరే థ్రెడ్ పెట్టండి ప్లీజ్.

వరంగల్_వంటిల్లు
పెడతాను. సీడబ్ల్యూడీ (జింకల మెదడుని తినేసే జబ్బు) ఉన్న ప్రాంతం అయితే తల పరీక్షకి ఇచ్చి, రిజల్ట్ వచ్చాకే ఫ్రీజర్లోంచి బయటికి తియ్యండి. పెన్సిల్వేనియాలో ఆ జబ్బు 2012 నుంచి ఉంది.

డెలావేర్_దొర
లీవర్ తుపాకి కొత్తగా పట్టుకునేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ట్యూబు మ్యాగజైన్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే అడుగు బిళ్ళ) మీద ఆనుతుంది. అందుకే చప్పటి లేదా గుండ్రటి మొన తూటాలే వెయ్యాలి. సూదిమొన కావాలంటే మెత్తటి రబ్బరు లాంటి మొన ఉన్న హార్నడీ లెవర్‌ఎవల్యూషన్ లాంటివి మాత్రమే. రెండోది సుత్తి. చలికి మొద్దుబారిన వేళ్ళతో, గ్లోవు వేసుకుని, తూటా ఉన్న చాంబర్ మీద సుత్తి మెల్లగా దించడం అంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఇంట్లో ఖాళీ తుపాకితో, గ్లోవులతోనే, చేయి తిరిగేదాకా సాధన చెయ్యండి. మార్లిన్‌కి అడ్డబొత్తాం సేఫ్టీ ఉంటే దించే ముందు అది వేసుకోండి. బ్యారెల్ మాత్రం నేల వైపే.

కొలంబస్_కిట్టు
లీవర్ సగంలో ఆపొద్దు. భయంభయంగా నెమ్మదిగా ఆడిస్తే తూటా అడ్డం పడి ఇరుక్కుంటుంది. చివరిదాకా నెట్టి, చివరిదాకా లాగాలి.

సిరాక్యూస్_సుబ్బు
నారింజ రంగు కూడా. పెన్సిల్వేనియా రైఫిల్ సీజన్లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు, ఎటునుంచి చూసినా కనపడాలి. టోపీ ఒక్కటి చాలదు, వెస్టు కూడా వేసుకోండి. తుప్పల్లో అవతల ఇంకో మనిషి ఉన్నాడో లేడో మీకు తెలియదు. నేనైతే కొన్న రోజే వెస్టు మీద బ్యాగు పట్టీ ఎక్కడ అడ్డం వస్తుందో చూసుకుంటాను.

పోకొనో_ప్రసాద్
చాలా నేర్చుకున్నాను. కాల్చను, ఖాళీ దారి దొరికేదాకా ఆగుతాను. కళ్ళ సంగతి చూసుకుని చిన్న స్కోపే పెడుతున్నాను, సుబ్బు గారు క్షమించాలి. సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం మొదలు, ఈ లోపు ఒక పని చెప్పండి. 150 గ్రెయిన్ కొనాలా, 170 కొనాలా?

సిరాక్యూస్_సుబ్బు
క్షమించాను. వచ్చే ఏడాది పీప్ సైటుకి మారతారు, నాకు నమ్మకం ఉంది.

టియోగా_తాత
ఆ దూరాల్లో జింకకి రెండూ ఒకటే. మీ తుపాకికి ఏది నచ్చుతుందో అదే కొనాలి. చెరో పెట్టె తీసుకుని, యాభై గజాల్లో, బ్యారెల్ చల్లారనిస్తూ మూడేసి తూటాలు కాల్చండి. ఏది దగ్గర దగ్గరగా పడితే దాన్ని ఎంచుకుని వంద గజాల్లో సరిచూసుకోండి. ఆ తర్వాత బల్ల వదిలెయ్యండి. నిలబడి, మోకాలి మీద కూచుని, చెట్టుకి ఆనుకుని కాల్చడం ప్రాక్టీస్ చెయ్యండి, అడవిలో మీకు బల్ల దొరకదు. తూటాలు మాత్రం ఇప్పుడే కొనుక్కోండి, నవంబరు వచ్చేసరికి థర్టీ థర్టీ అరలు ఖాళీ అవుతాయి.

పోకొనో_ప్రసాద్
ఈ శనివారం రేంజ్‌కి వెళ్తున్నాను. అట్టలు ఫొటో తీసి ఇక్కడే పెడతాను, 170తో మొదలుపెడతా.